నిప్పు మంచిగనే కొడుతుంది కదా, మరి మిస్సింగ్ ఎందుకు?

పోయిన కార్తీకంలో శ్రీశైలం వెళ్లి నల్లగొండకు వాపస్ వస్తున్నాం. డ్యామ్ కింద కృష్ణ మీద వంతెన దాటి ఈగలపెంట వైపు ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే కారు మొండికేసింది. ఆగిపోలేదు గానీ, సెకండ్ గేర్లో యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు ఉరకాల్సింది పోయి వెనక నుంచి ఎవరో తాడు కట్టి గుంజినట్టు కుదుపులు (లోపల పెట్రోల్ అప్పుడప్పుడు అంటుకోక వచ్చే దీన్నే మిస్సింగ్ అంటారు), మధ్యలో ఇంజిన్ లైటు రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. ఏసీ బంద్ చేస్తే కొంచెం నయం, కాలు తేలిగ్గా పెడితే ఇంకొంచెం నయం. లోపల ఐదుగురం, డిక్కీ నిండా సామాను, వెనక బస్సు హారన్, ఇక టెన్షన్ సంగతి చెప్పక్కర్లేదు. విచిత్రం ఏమిటంటే మన్ననూరు దాటి సాపు రోడ్డు ఎక్కగానే బండికి అసలేమీ కానట్టే నడిచింది.

దేవరకొండలో ఒక షెడ్డు దగ్గర ఆపాం. మెకానిక్ ఒక స్పార్క్ ప్లగ్గు (పెట్రోల్‌ను అంటించే నిప్పు కొట్టేది) విప్పి, కాయిల్‌కు తగిలించి, ఇంజిన్ ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టమన్నాడు. టప్ టప్‌మని నీలం నిప్పు. "సూడు అన్నా, నిప్పు మంచిగనే కొడ్తుంది, ప్లగ్గుల తప్పేం లేదు" అన్నాడు. అన్నాడే గానీ అంతటితో వదల్లేదు. ఉప్పుకాగితంతో మసి రుద్ది, సామాన్ల డబ్బాలోంచి విరిగిన హాక్సా బ్లేడు ముక్క తీసి, దాని వీపు వైపు ప్లగ్గు సందులో పెట్టి, పానాతో పైకొన మీద రెండు చిన్న దెబ్బలు కొట్టి గ్యాప్ పెట్టాడు. మూడింటికి అట్లా చేశాడు. నాలుగోది కదల్లేదు. "గట్టిగ పట్టుకుంది, జోరు పెడితె ఇరుగుతది, ఇంటికాడ సూపిచ్చుకోండ్రి" అని వదిలేశాడు.

కొండమల్లేపల్లి దాటేసరికే తెలిసింది, బండి నిజంగానే ముప్పావు వంతు బాగైంది. మనవాడి పనితనం గొప్పదే అనుకున్నాను. తెల్లారి పొద్దున క్లాక్ టవర్ దగ్గర సిగ్నల్ పడి ఆగితే ఇంజిన్ చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది, అంతకుముందు ఎప్పుడూ లేనిది.

ప్లగ్గుల తప్పు లేదంటూనే ప్లగ్గు గ్యాప్ తగ్గిస్తే బండి ఎందుకు బాగైంది? బాగైన బండి తెల్లారి ఎందుకు వణికింది? బయట అంత నీలంగా కొట్టిన నిప్పు ఘాట్‌లో ఎటు పోయింది? ఈ మూడింటికీ జవాబు ఆ మిల్లీమీటరు సందులోనే ఉంది.

స్పార్క్ ప్లగ్గులో పెద్ద యంత్రమేమీ లేదు. పింగాణీ ఒంట్లో నడుమ ఒక కడ్డీ, పక్క నుంచి కొక్కెంలా వంగి దాని నెత్తి మీదికి వచ్చిన ఇంకో ముక్క, అదే పైకొన, రెంటి మధ్య ఖాళీ. ఆ ఖాళీయే గ్యాప్. ఎంత ఉంటుందో చేతికి తెలియాలంటే జేబులోంచి ఏటీఎం కార్డు తీసి చూడండి, దాని మందం 0.76 మిల్లీమీటర్లు. ఇప్పటి పెట్రోల్ కార్లలో గ్యాప్ ఎక్కువగా 0.8 నుంచి 1.1 మధ్య ఉంటుంది. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను ఇగ్నిషన్ కాయిల్ వేల వోల్టులకు పెంచి ఆ ఖాళీ దగ్గరికి తోస్తుంది. గాలి మామూలుగా కరెంటును పోనివ్వదు. వోల్టేజీ ఒక హద్దు దాటితే మాత్రం లొంగిపోయి దారి ఇస్తుంది, అప్పుడే నిప్పు దూకుతుంది.

అసలు కిటుకు ఆ హద్దు దగ్గర ఉంది. అది ఒకే అంకె కాదు. సందు పెరిగితే హద్దు పెరుగుతుంది, ఆ సందులో ఉన్న గాలి ఒత్తిడి పెరిగినా హద్దు పెరుగుతుంది. ఫ్రెడ్రిక్ పాషన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ లెక్కను 1889లోనే కట్టి చూపించాడు, కార్లు అప్పటికి ఇంకా పారాడుతున్నాయి. షెడ్డులో బయట పెట్టి చూస్తే ఒక మిల్లీమీటరు దూకడానికి మూడు నాలుగు వేల వోల్టులు చాలు. సిలిండర్ లోపల పిస్టన్ పైకి వచ్చి గాలిని, పెట్రోల్ ఆవిరిని కలిపి పిండేసిన క్షణంలో అదే మిల్లీమీటరు దూకాలంటే దానికి ఎన్నో రెట్లు కావాలి. కాబట్టి బయట నిప్పు చూసి ప్లగ్గు బాగుందనడం అంటే, సాపు నేల మీద నడిచి చూపించినవాణ్ని తాటిచెట్టు ఎక్కగలడని నమ్మడమే. కాయిల్ బతికుందా చచ్చిందా తెలుసుకోవడానికి ఆ టెస్టు పనికొస్తుంది, అంతకుమించి కాదు. పైగా ఇప్పటి కాయిళ్లతో ఆ ఆట మంచిది కూడా కాదు. ప్లగ్గు ఇనుముకు సరిగ్గా ఆనకపోతే ఆ వోల్టేజీ కాయిల్ లోపలి ఇన్సులేషన్‌నో, పట్టుకున్నవాడి చేతినో వెతుక్కుంటుంది.

ఇప్పుడు ఘాట్ సంగతి. ఇంజిన్ ఐడిల్‌లో, అంటే కాలు పెట్టకుండా ఊరికే తిరుగుతున్నప్పుడు, గాలి వచ్చే తలుపు థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది, సిలిండర్‌లోకి వచ్చే గాలి తక్కువ, పిండినా ఒత్తిడి పెద్దగా పెరగదు, నిప్పుకు పని తేలిక. ఘాట్‌లో నిండా బరువేసుకుని, ఏసీ పెట్టుకుని, తక్కువ ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) మీద యాక్సిలరేటర్ నేలకు తొక్కితే సిలిండర్ గాలితో కిక్కిరిసిపోతుంది. నిప్పుకు అంతకన్నా కష్టకాలం ఇంకోటి లేదు. గ్యాప్ అరిగి పెద్దదైన ప్లగ్గు మొదట తప్పేది అక్కడే, అందుకే ఏసీ బంద్ చేసి కాలు తీస్తే నయమైంది. "ఊళ్లో మంచిగనే నడుస్తుంది కదా" అని మనం చెప్పుకునే మాటకు అర్థం, బండికి ఇంకా పరీక్ష పెట్టలేదు అనే.

హాక్సా బ్లేడుతో బండి ఎందుకు బాగైందో కూడా ఇప్పుడు తేలిపోయింది. ఆ బ్లేడు మందం సుమారు 0.65 మిల్లీమీటర్లు. అరిగి సాగిన సందును అంతకు దింపేసరికి అదే కాయిల్ వోల్టేజీ సునాయాసంగా దూకింది. అయితే మరి కంపెనీవాళ్లు మొదటి నుంచీ గ్యాప్ అంతే ఎందుకు పెట్టరు?

ఎందుకంటే నిప్పు దూకడం సగం పనే. ఆ నిప్పు చుట్టూ ఆవాలగింజంత మంట పుట్టాలి, అది పెరిగి సిలిండర్ అంతా అంటుకోవాలి. సందు ఇరుకైతే ఆ మంట రెండు చల్లని లోహపు గోడల మధ్య పుడుతుంది, అవి దాని వేడిని లాగేసుకుంటాయి. రాజుకుంటున్న చలిమంటలో తడి కట్టెలు తోసినట్టన్నమాట. నిండా తొక్కినప్పుడు లోపల సరుకు చిక్కగా ఉంటుంది కాబట్టి చిన్న మంట కూడా అంటుకుపోతుంది. ఐడిల్‌లో సరుకు పలచన, పైగా వెనకటి దెబ్బ తాలూకు కాలిన పొగ కొంత లోపలే మిగిలి ఉంటుంది, అక్కడ ఆ బలహీనమైన మంట ఒక్కోసారి పుట్టి పుట్టగానే చస్తుంది. క్లాక్ టవర్ దగ్గర నా బండి వణికింది అందుకే. సందు పెరిగితే ఘాట్‌లో దెబ్బ, తగ్గితే సిగ్నల్ దగ్గర దెబ్బ. ఆ ఇంజిన్‌కు ఉన్న కాయిల్ ఎంత తోయగలదు, లోపల ఒత్తిడి ఎంత ఉంటుంది అని చూసుకుని మధ్యలో ఒక అంకె ఖాయం చేస్తారు, మాన్యువల్‌లో రాసేది దాన్నే. టర్బో పెట్రోల్ ఇంజిన్లలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి గ్యాప్ మామూలుగా ఇంకాస్త తక్కువే ఉంటుంది.

హాక్సా బ్లేడును నేను తప్పుపట్టను. పాయింట్లు, కండెన్సర్లతో నిప్పు కొట్టించే పాతకాలపు స్కూటర్లు, పాత కార్ల రోజుల్లో కాయిళ్ల జోరు తక్కువ, గ్యాప్ 0.6, 0.7 దగ్గరే ఉండేది, ఆ కొలతకు బ్లేడు వీపు అచ్చుగుద్దినట్టు సరిపోయేది. సందు కొలిచే ఫీలర్ గేజ్ కొనే స్తోమత లేని షెడ్డులో అంతకన్నా తెలివైన పరికరం ఇంకేముంటుంది. ఆ కొలతను 1.1 గ్యాప్ ఉండాల్సిన కారుకు పెట్టడం దగ్గరే తేడా కొట్టింది.

అసలు గ్యాప్ ఎందుకు పెరుగుతుంది అంటే, ప్రతి నిప్పూ వెళ్తూ వెళ్తూ కాస్త లోహాన్ని తినిపోతుంది. నల్లగొండ నుంచి హైదరాబాదు వంద కిలోమీటర్లు, ట్రాఫిక్‌తో కలిపి రెండు గంటలు అనుకుందాం, ఇంజిన్ సగటున 2500 ఆర్పీఎం మీద తిరిగిందనుకుందాం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో రెండు చుట్లకు ఒక నిప్పు, అంటే నిమిషానికి 1250. ఒక్క పోకకే ఒక్కో ప్లగ్గు లక్షన్నర సార్లు కొడుతుంది. 40,000 కిలోమీటర్లకు ఆరు కోట్ల సార్లు. ఇంకో సంగతి, నిప్పుకు పదునైన అంచులంటే ఇష్టం, పిడుగు చేనులో అన్నీ వదిలి తాటిచెట్టునే పట్టుకున్నట్టు. కొత్త ప్లగ్గు నడిమి కడ్డీ అంచు చాకులా ఉంటుంది. వాడేకొద్దీ ఆ అంచులు అరిగి గుండ్రమవుతాయి, అప్పుడు సందు అంతే ఉన్నా నిప్పు దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే బాగా వాడిన ప్లగ్గుకు గ్యాప్ తిరిగి పెట్టడం కొంతవరకే పనిచేస్తుంది. సందు సరిచేయొచ్చు, పోయిన పదును రాదు. ఉప్పుకాగితంతో రుద్దితే నల్లటి మసి పోతుంది, దాంతోపాటు ఇసుక రజను పింగాణీ పక్కన ఇరుక్కుంటుంది, అది ఇంకో తలనొప్పి.

"మిస్సింగ్ వచ్చినప్పుడు మారుద్దాంలే" అనే లెక్క ఇక్కడే తప్పుతుంది. గ్యాప్ పెరిగినన్ని రోజులూ కాయిల్ మాట్లాడకుండా ఎక్కువ వోల్టేజీ పుట్టిస్తూ పోతుంది. మనకు ఏమీ తెలియదు, కానీ దాని ఇన్సులేషన్ మీద, ప్లగ్గు మీద కూర్చునే రబ్బరు బూటు మీద ఆ భారం పడుతూనే ఉంటుంది. ఒకరోజు నిప్పు ప్లగ్గు సందులో దూకడం మానేసి బూటుకు చిల్లి చేసుకుని పక్కనున్న ఇనుములోకి పోతుంది. మామూలు నికెల్ ప్లగ్గు ఒకటి రెండు వందల రూపాయల వ్యవహారం, కాయిల్ దానికి ఎన్నో రెట్లు, అదీ ఒక్కో సిలిండర్‌కు ఒకటి. అంతకన్నా పెద్ద బొక్క సైలెన్సర్ దారిలో ఉంటుంది. మండని పెట్రోల్ పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండితే లోపలి తేనెపట్టులాంటి జల్లెడ కరిగి మూసుకుపోతుంది. ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే రేపు చూపించుకోవచ్చు. మిణుకుమిణుకుమంటే మాత్రం కాలు తీయమని అర్థం, బండి లోపల జరుగుతున్నది అదే. స్కానర్ పెడితే పీ0300 అని వస్తే ఎక్కడెక్కడో మిస్సింగ్, పీ0301 నుంచి పీ0304 వరకు వస్తే చివరి అంకె సిలిండర్ నంబరు. నాది పీ0304. దేవరకొండలో కదలకుండా కూర్చున్నది కూడా ఆ నాలుగోదే.

ఎప్పుడు మార్చాలి అనేది ప్లగ్గు కొనకు వేసిన లోహాన్ని బట్టి ఉంటుంది. నికెల్ కొన ఉన్నవి బండిని బట్టి 20,000 నుంచి 40,000 కిలోమీటర్లు, ప్లాటినం, ఇరిడియం అయితే లక్ష దాకా పోతాయి. మీ బండి మాన్యువల్‌లో కిలోమీటర్లతోపాటు సంవత్సరాలు కూడా రాసి ఉంటే రెంటిలో ఏది ముందొస్తే అది. నికెల్ 1455 డిగ్రీల దగ్గర కరిగితే ఇరిడియం కరగడానికి 2400 డిగ్రీలు దాటాలి, అంత మొండిది కాబట్టే దాని కొనను అర మిల్లీమీటరు సన్నటి తీగలా చేయగలిగారు. నికెల్‌లో ఆ కడ్డీ రెండున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. సన్నటి కొన అంటే ఎప్పటికీ పదునే, నిప్పు తక్కువ వోల్టేజీకే దూకుతుంది. షాపుల్లో "కాపర్ ప్లగ్గు" అని అమ్మేది చూసి చాలామంది కొన రాగిదనుకుంటారు. రాగి లోపల వేడిని కిందికి లాగడానికి పోసిన గుజ్జు మాత్రమే, పైకి కనిపించే కొన నికెల్ మిశ్రమమే. ఇక ఇరిడియం వేస్తే మైలేజీ ఎగిసిపోతుందనే ప్రచారం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అరిగిపోయిన ప్లగ్గులు తీసి ఏ కొత్తవి వేసినా పోయిన మైలేజీ తిరిగొస్తుంది. ఇరిడియంతో దక్కేది ఆయుష్షు. ప్లగ్గులు ఇంటేక్ (ఇంజిన్‌కు గాలి తెచ్చే గొట్టాలు) కింద దాక్కుని, ఒక పూట విప్పితే గానీ కనిపించని బండ్లకు అది నిజంగా లాభమే, నాలాంటి తేలిగ్గా అందే ఇంజిన్‌కు నికెలే చాలు.

కొనేటప్పుడు డబ్బా మీది నంబరు చదవడం రావాలి. ఎన్‌జీకే వాళ్ల బీపీఆర్6ఈఎస్-11 తీసుకోండి. బీ అంటే 14 మిల్లీమీటర్ల మర, ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉంది, అది లేకపోతే రేడియో గరగరమంటుంది, బండి కంప్యూటర్ కూడా కంగారు పడొచ్చు. ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. పొడవు ఎక్కువైతే పిస్టన్ వచ్చి ప్లగ్గును గుద్దొచ్చు, కాబట్టి "చూడ్డానికి ఒకలాగే ఉంది" అనే మాట నమ్మొద్దు. చివర 11 అంటే గ్యాప్ 1.1. మధ్యలో ఉన్న 6 హీట్ రేంజ్. ప్లగ్గు కొన దాదాపు 500 డిగ్రీలు దాటితేనే తన మీది మసిని తనే కాల్చుకుంటుంది, 900 దాటి పోయిందంటే నిప్పు కొట్టకముందే పెట్రోల్ అంటుకునే ప్రమాదం. ఈ రెంటి మధ్య ఉంచడమే హీట్ రేంజ్ పని. తమాషా ఏమిటంటే ఎన్‌జీకే, డెన్సోలో అంకె పెరిగితే ప్లగ్గు కోల్డ్, బాష్‌లో అంకె పెరిగితే హాట్. కంపెనీ మార్చి అంకె మాత్రం అదే చూసి కొంటే ఇరుక్కుంటారు.

మన దగ్గర ఇంకో మాట తిరుగుతుంటుంది, నల్లగొండ ఎండలకు కోల్డ్ ప్లగ్గే వేయాలి అని. బయట 35 ఉన్నా 45 ఉన్నా సిలిండర్ లోపల మంట రెండు వేల డిగ్రీలు దాటే ఉంటుంది, ఇంజిన్ నీళ్ల వేడిని థర్మోస్టాట్ చూసుకుంటుంది. ఆ పది డిగ్రీలకు ప్లగ్గు మార్చనక్కర్లేదు. మన ఎండ చంపేది వేరేవాటిని, కాయిల్ మీది ప్లాస్టిక్ క్లిప్పులను, రబ్బరు బూట్లను. అవి ఎనిమిదేళ్ల బండిలో అప్పడాల్లా విరుగుతాయి.

ఆదివారం పొద్దున్నే, రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద పని మొదలుపెట్టాను. ప్లగ్గులు బిగించి ఉండే ఇంజిన్ పైభాగం, అంటే అల్యూమినియం హెడ్, వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గు విప్పితే మర ఊడొచ్చే భయం ఉంటుంది, కాబట్టి ఆగక తప్పదు. క్లిప్పు మెల్లగా నొక్కి, 10 నంబరు బోల్టు తీసి, కాయిల్‌ను అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగాలి. టార్చి వేసి గుంతలోకి చూస్తే నాలుగో దాంట్లో ఎర్రమట్టి, దాని మీద పల్లికాయ పొట్టు. మొన్న పాలమూరు నుంచి చుట్టాలు తెచ్చిన పల్లికాయ బస్తా డిక్కీలో వారం రోజులు ఉంది, ఎలుక బాగానే పండగ చేసుకున్నట్టుంది. నవ్వొచ్చింది గానీ ఇది నవ్వే విషయం కాదు. అది ఊదకుండా ప్లగ్గు విప్పితే ఆ మట్టంతా నేరుగా సిలిండర్‌లో పడుతుంది. పక్క వీధి పంక్చర్ షాపువాళ్ల గాలి పైపు అడిగి తెచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని నాలుగు గుంతలూ ఊదాను.

మొదటి మూడూ చేతికి తేలిగ్గా వచ్చాయి. నాలుగోదానికి మర మొదట్లో తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి అరగంట టీ తాగుతూ కూర్చున్నాను. తర్వాత పావు చుట్టు విప్పడం, మళ్లీ కొంచెం బిగించడం, మళ్లీ విప్పడం, ఇట్లా పోయాను. కిర్రుమని ఒక్క చప్పుడు చేసి వదిలింది, ఆ చప్పుడుకు నా గుండె కాసేపు ఆగింది. మర పోతే హెలికాయిల్ అనే కొత్త మర చుట్ట వేయించాలి, అది సీదా వెయ్యి దాటే పని.

విప్పిన ప్లగ్గులను సిలిండర్ వరుసలోనే పాత కాగితం మీద పేర్చుకుని చూడాలి, అవి చాలా కబుర్లు చెబుతాయి. కొన లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడిగా నల్లటి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది, లేదా నిప్పు సరిగ్గా కొట్టట్లేదు. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ లోపలికి వస్తోంది, అది ప్లగ్గు మార్చితే తీరే జబ్బు కాదు. తెల్లగా కాలి పొక్కులు లేస్తే వేడి ఎక్కువైనట్టు, దాన్ని వెంటనే పట్టించుకోవాలి. పింగాణీ మీద బయటివైపు, లోహం మొదలయ్యే చోట గోధుమ రంగు చుట్టు కనిపిస్తే ప్లగ్గు లీకవుతోందని భయపడతారు. అది లీకు కాదు, ఆ అధిక వోల్టేజీకి చుట్టూ ఉన్న నూనె ఆవిరి, దుమ్ము పింగాణీని పట్టుకున్న మరక. నా రెండో ప్లగ్గుకు మర పైన, గుంతలో మాత్రం ఆయిల్ ఉంది, కొన పొడిగా ఉంది. అంటే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కారుతోంది గానీ పిస్టన్ రింగులు బాగానే ఉన్నాయి. ఈ తేడా తెలియక ఇంజిన్ బోర్‌కు దింపించుకున్నవాళ్లు ఉన్నారు.

ఇక గ్యాప్. అరిగిన ప్లగ్గును కొలవడానికి రేకులాంటి ఫీలర్ గేజ్ కన్నా గుండ్రటి తీగ గేజ్ మంచిది, ఎందుకంటే పైకొనలో పడిన గుంతను రేకు దాటుకుంటూ పోతుంది, తీగ పట్టేస్తుంది. మెకానిక్ బ్లేడు పెట్టిన మూడూ 0.65 చుట్టూ ఉన్నాయి, ఒకటి 0.6. కదలని నాలుగోది 1.35. మాన్యువల్‌లో ఉన్నది 1.1. ఓడోమీటర్ 58,000 చూపిస్తోంది, మార్చాల్సింది 40,000 దగ్గర. తప్పు ఎవరిదో ఇంక వెతకనక్కర్లేదు.

కొత్తవి డబ్బాలోంచి తీయగానే బిగించేయకండి. ఫ్యాక్టరీలో గ్యాప్ పెట్టే పంపుతారు, కానీ దారిలో ఒక్కసారి కింద పడితే పైకొన వంగుతుంది. నాలుగింటిలో నాకు ఒకటి 1.0 వచ్చింది. వంచాల్సింది పక్క నుంచి వచ్చే కొక్కేన్ని మాత్రమే. పెంచాలంటే గేజ్‌కు ఉన్న కొక్కెంతో దాన్ని మాత్రమే పైకి లేపాలి, తగ్గించాలంటే చెక్క మీద మెల్లగా తట్టాలి. నడిమి కడ్డీకి గానీ దాని చుట్టూ ఉన్న పింగాణీకి గానీ పానా ఆనించి ఎత్తితే పని చెడుతుంది. ఇరిడియం కొన అయితే మరీ జాగ్రత్త, అది గట్టిది గానీ పెళుసు, రూపాయి బిళ్ల ఆకారంలో అంచు వాలుగా ఉండే గేజ్‌ను దూర్చితేనే విరుగుతుంది. ఇరిడియంలో గ్యాప్ తేడా కనిపిస్తే నేనైతే షాపులో మార్చి తెచ్చుకుంటాను.

బిగించడంలో తొందరపడితే హెడ్ మర పోతుంది. నేను చేసేది ఇది: జానెడు పెట్రోల్ పైపు ముక్కను ప్లగ్గు వెనక తొడిగి, ఆ పైపును వేళ్లతో తిప్పుతూ ప్లగ్గును మరలోకి ఎక్కిస్తాను. మర అడ్డంగా పడితే పైపు జారుతుంది, ప్లగ్గు తిరగదు, పానాకు ఆ తెలివి ఉండదు. వేళ్లతో చివరిదాకా వచ్చాక, వాషర్ ఉన్న కొత్త 14 మిల్లీమీటర్ల ప్లగ్గును పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు, అంతే. ఆ వాషర్ నలిగి కూర్చోవాలి. పాతదే మళ్లీ పెడితే వాషర్ ముందే నలిగి ఉంటుంది కాబట్టి గడియారంలో గంటల ముల్లు ఒక గంటలో జరిగినంత చాలు. వాషర్ లేకుండా వాలు గద్దె ఉన్న ప్లగ్గులకు అంతకన్నా తక్కువ. టార్క్ పానా ఉంటే 14కు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్ల మరకు 15 నుంచి 20. మరకు గ్రీజు, పట్టేయకుండా వాడే యాంటీసీజ్ పూయడం చాలామందికి అలవాటు. ఇప్పటి ప్లగ్గుల మరకు ముందే పూత ఉంటుంది, దాని మీద జిడ్డు పూస్తే అదే బలానికి ఎక్కువ బిగుసుకుని మర సాగుతుంది. నేను మానేశాను. పాత బండిలో వైర్లు ఉంటే ఒకటి తీసి ఒకటి పెడుతూ పోండి, నాలుగూ ఒకేసారి పీకితే ఏ వైరు ఎక్కడిదో గుర్తుండక, ఒకదానిది ఇంకోదానికి పెట్టి పటాకులు కాల్చినట్టు వెనక్కి కొట్టించుకుంటారు.

ఎల్పీజీ, సీఎన్జీ మీద తిరిగే బండ్లవాళ్లు ఇదంతా ఇంకాస్త ముందుగా చేసుకోవాలి, గ్యాస్‌ను అంటించడానికి వోల్టేజీ ఎక్కువ కావాలి, గ్యాప్ పెరిగితే పెట్రోల్ మీద తెలియని మిస్సింగ్ గ్యాస్ మీద బయటపడుతుంది. డీజిల్ కార్లు, ట్రాక్టర్లు ఉన్నవాళ్లు ఇక్కడిదాకా చదివి ఉంటే క్షమించాలి. మీ ఇంజిన్‌లో గాలిని పిండిన వేడికే డీజిల్ అంటుకుంటుంది, స్పార్క్ ప్లగ్గులే ఉండవు. గ్లో ప్లగ్గులుండొచ్చు, అవి పొద్దున స్టార్టింగ్‌కు వేడి చేసే వేరే సామాను.

మొన్న పని మీద దేవరకొండ పోతే ఆ షెడ్డు దగ్గర ఆగి నాలుగో ప్లగ్గు అతని చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, డబ్బాలోంచి ఆ హాక్సా బ్లేడు ముక్క తీసి సందులో పెట్టాడు. వదులుగా ఊగింది. ఇంకో ముక్క వెతికి రెండూ జోడించి పెట్టాడు. అవీ దూరాయి. "గింత సందు పెట్టుకొని గుడ ఊళ్లె నడిసిందా అన్నా" అని, ఆ ప్లగ్గును తన డబ్బాలోనే వేసుకున్నాడు.